లెక్కకు ముందు పాత్రలోకి ఒక చూపు

14 గ్రాముల నైట్రోజన్, 4.5 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా చర్య జరిపితే ఎంత అమ్మోనియా వస్తుంది? ఇంటర్ మొదటి సంవత్సరం తరగతిలో ఈ ప్రశ్న వేస్తే చాలా పెన్నులు వెంటనే కదులుతాయి. హైడ్రోజన్ తక్కువగా ఉంది కాబట్టి అదే ముందు అయిపోతుందనుకుని కొందరు 4.5తో లెక్క మొదలుపెడతారు. 4.5ను 2తో భాగిస్తే 2.25 మోల్‌లు. మూడు హైడ్రోజన్ అణువులకు రెండు అమ్మోనియా అణువులు కనుక 1.5 మోల్‌లు. 17తో గుణిస్తే 25.5 గ్రాములు. ఎక్కడా కూడిక తప్పలేదు, గుణకారం తప్పలేదు. కానీ పాత్రలో వేసిందే మొత్తం 18.5 గ్రాములు. అందులోంచి 25.5 గ్రాములు బయటికి రావడం ఏ ప్రయోగశాలలోనూ జరగదు.

ఈ తప్పు చేసిన విద్యార్థికి మోల్ అంటే ఏమిటో తెలుసు, సమీకరణం తుల్యం చేయడమూ తెలుసు. అతను చేయని పని ఒక్కటే. లెక్క మొదలుపెట్టే ముందు పాత్రలో ఏయే కణాలు ఉన్నాయో, ఎన్ని ఉన్నాయో, చర్య అయ్యాక ఏవి మిగులుతాయో ఒక్క క్షణం ఊహించుకోలేదు. రసాయన చర్యలైనా, బంధాలైనా, సమతాస్థితి అయినా మొదటి ఏడాది లెక్కల్లో పోయే మార్కుల్లో పెద్ద వాటా ఇక్కడే పోతుంది. ఇది అలవాటు లేకపోవడం వల్ల వచ్చే లోటు. తెలివితో దీనికి సంబంధం లేదు. అందుకే దీన్ని సరిచేసుకోవడం ఎవరికైనా సాధ్యమే.

1987లో సుసాన్ నర్రెన్‌బర్న్, మైల్స్ పికరింగ్ అనే ఇద్దరు అమెరికన్ అధ్యాపకులు ‘జర్నల్ ఆఫ్ కెమికల్ ఎడ్యుకేషన్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు ఒకే పాఠం మీద రెండు రకాల ప్రశ్నలిచ్చారు. ఒకటి మామూలు అంకెల లెక్క, రెండోది కణాల బొమ్మ చూసి జవాబు చెప్పాల్సిన ప్రశ్న. అంకెల లెక్కలు బాగా చేసినవాళ్లలో చాలామంది బొమ్మ దగ్గర తడబడ్డారు. సూత్రంలో అంకెలు పెట్టి జవాబు రాబట్టడం వేరు, పాత్రలో ఏం జరుగుతోందో తెలియడం వేరు అని ఆ ఫలితం తేటతెల్లం చేసింది. గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ జాన్‌స్టన్ కూడా ఇదే సంగతిని మరో కోణంలో చెప్పారు. రసాయనశాస్త్రం ఒకేసారి మూడు అంతస్తుల్లో నడుస్తుంది: కంటికి కనిపించే పదార్థం, కనిపించని కణాలు, కాగితం మీద గుర్తులు. అధ్యాపకుడు ఒకే వాక్యంలో మూడింటి మధ్యా తిరిగేస్తారు. విద్యార్థి మాత్రం గుర్తుల అంతస్తులోనే ఉండిపోతాడు.

మళ్లీ మొదటి లెక్కకు వస్తే, దాన్ని చేయాల్సిన తీరు ఇది. 14 గ్రాముల నైట్రోజన్ అర మోల్. ఒక నైట్రోజన్ అణువుకు మూడు హైడ్రోజన్ అణువులు కావాలి కాబట్టి అర మోల్‌కు 1.5 మోల్‌లు చాలు. ఉన్నది 2.25. కాబట్టి ముందు అయిపోయేది, అంటే పరిమిత కారకం, నైట్రోజన్; తూకంలో మూడు రెట్లు ఎక్కువగా ఉన్నది. అర మోల్ నైట్రోజన్ నుంచి ఒక మోల్ అమ్మోనియా, 17 గ్రాములు. హైడ్రోజన్‌లో 0.75 మోల్, అంటే 1.5 గ్రాములు మిగిలిపోతుంది. 17కి 1.5 కలిపితే 18.5. వేసినంతా లెక్కలోకి వచ్చేసింది. ఈ చివరి కూడికకు పట్టేది అయిదు సెకన్లు. దీన్ని ఎప్పుడూ వదలకూడదు.

‘తక్కువ బరువున్నదే పరిమిత కారకం’ అన్న అపోహ ఇంత బలంగా నాటుకుపోవడానికి కారణముంది. పుస్తకాల్లోని చాలా ఉదాహరణల్లో రెండూ కలిసొస్తాయి. అణుభారం 2 ఉన్న హైడ్రోజన్ లాంటి తేలికపాటి వాయువు వచ్చినప్పుడే ఆ అపోహ బయటపడుతుంది. గ్రాములు తక్కెడకు తెలుసు. అణువులకు తెలిసింది సంఖ్య ఒక్కటే. కాబట్టి ఏ చర్య లెక్కలోనైనా మొదటి పని గ్రాముల్ని, లీటర్లని, గాఢతల్ని మోల్‌లుగా మార్చుకోవడం. తర్వాత ఒక్కో క్రియాజనకం మోల్‌లను సమీకరణంలోని దాని గుణకంతో భాగించాలి. ఏది తక్కువ వస్తే అదే పరిమిత కారకం. ఇక్కడ నైట్రోజన్‌కు 0.5, హైడ్రోజన్‌కు 0.75.

ఈ లెక్క పరీక్ష కాగితంతో ఆగిపోయేది కాదని చూపే ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. రామగుండంలోని ఎరువుల కర్మాగారం స్థాపిత సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా. ఈ రెండు అంకెలూ ఊరికే పక్కపక్కన పడ్డవి కావు. రెండు అమ్మోనియా అణువులు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుతో కలిస్తే ఒక యూరియా అణువు, ఒక నీటి అణువు వస్తాయి. అంటే 34 భాగాల అమ్మోనియాకు 60 భాగాల యూరియా. 3,850ని 34తో గుణించి 60తో భాగిస్తే వచ్చేది సుమారు 2,182. కర్మాగారంలోని అమ్మోనియా విభాగాన్ని సరిగ్గా యూరియా విభాగానికి సరిపడేలా, కాస్త మిగులుతో కట్టారన్నమాట. రైతు భుజాన మోసే 45 కిలోల బస్తా మీద ‘నైట్రోజన్ 46%’ అని ఉంటుంది. అదీ ఈ లెక్కే. 60 భాగాల యూరియాలో నైట్రోజన్ 28 భాగాలు, అంటే శుద్ధమైన యూరియాలో 46.7 శాతం. బస్తాలో కొద్దిగా తేమ, ఇతర పదార్థాలు ఉంటాయి కాబట్టి ముద్రించే హామీ 46. ఇలాంటి ఉదాహరణ ఒక్కదాన్ని సొంతంగా లెక్కగట్టి సరిచూసుకున్న విద్యార్థికి ‘శాతం సంఘటన’ పాఠం మళ్లీ బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

బంధాల పాఠంలో అంకెలు తక్కువ, అందుకే అక్కడ బట్టీ ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్ సరళరేఖలా ఉంటుంది, సల్ఫర్ డయాక్సైడ్ వంగి ఉంటుంది, నీరు వంగి ఉంటుంది అని జాబితాలు రాసుకుంటారు. పరీక్షలో జాబితాలో లేని అణువు ఎదురైతే చెయ్యి ఆగిపోతుంది. నిజానికి ఇక్కడా చేయాల్సింది లెక్కించడమే, ఈసారి ఎలక్ట్రాన్లను. ఎలక్ట్రాన్ల జంటను పంచుకోవడమే బంధం అన్న ఆలోచనను గిల్బర్ట్ లూయిస్ 1916లో ప్రతిపాదించాడు. ఆయన చుక్కల బొమ్మలు ఈ రోజుకీ ఉత్తమ పనిముట్లు.

కార్బన్ డయాక్సైడ్‌నే తీసుకుంటే, కార్బన్‌కు 4, రెండు ఆక్సిజన్లకు 12, మొత్తం 16 వేలన్సీ ఎలక్ట్రాన్లు. రెండు ద్విబంధాలకు ఎనిమిది పోతాయి, ఆక్సిజన్ల మీద ఒంటరి జంటలకు మిగతా ఎనిమిది. మధ్యనున్న కార్బన్ మీద ఏమీ మిగలదు. అందుకే రెండు ఆక్సిజన్లు ఒకదానికొకటి వీలైనంత దూరంగా, 180 డిగ్రీల్లో కూర్చుంటాయి. సల్ఫర్ డయాక్సైడ్‌లో సల్ఫర్‌కు 6, ఆక్సిజన్లకు 12, మొత్తం 18. రెండు ఎలక్ట్రాన్లు ఎక్కువ. ఆ జంట వెళ్లి సల్ఫర్ మీద కూర్చుంటుంది, ఆక్సిజన్లను పక్కకు నెడుతుంది. కోణం సుమారు 119 డిగ్రీలు. మొదటి అణువుకు ద్విధ్రువ భ్రామకం సున్నా, రెండోదానికి 1.6 డిబై. ఇంత తేడాకూ మూలం ఆ ఒక్క జంట. ఇది తెలిశాక జాబితాతో పనేముంది?

మీథేన్‌లో 109.5 డిగ్రీలు, అమ్మోనియాలో 107, నీటిలో 104.5. ఈ మూడింటిలోనూ మధ్య పరమాణువు చుట్టూ నాలుగు జంటలే. ఒంటరి జంట లేనప్పుడు, ఒకటున్నప్పుడు, రెండున్నప్పుడు కోణం ఎలా కుంచించుకుపోతుందో ఆ మూడు అంకెలే చెబుతాయి. ఒంటరి జంటను పట్టి ఉంచేది ఒక్క కేంద్రకమే, అందుకే అది ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. 1957లో రొనాల్డ్ గిలెస్పీ, రొనాల్డ్ నైహోమ్ తీర్చిదిద్దిన వీఎస్ఈపీఆర్ (ఎలక్ట్రాన్ జంటల వికర్షణ) సిద్ధాంతం సారం ఇదే.

ప్రవేశ పరీక్షల్లో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటుంది: అమ్మోనియా, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌లలో దేనికి ద్విధ్రువ భ్రామకం ఎక్కువ? రుణవిద్యుదాత్మకత పట్టిక ముందు పెట్టుకున్న విద్యార్థి ఫ్లోరిన్ అత్యంత బలమైనది కాబట్టి ఫ్లోరైడే అంటాడు. నిజం వేరు. అమ్మోనియాకు 1.47 డిబై, ఫ్లోరైడ్‌కు 0.23 మాత్రమే. రెండింటి ఆకారమూ ఒకటే, మూడు కాళ్ల పీట మీద ఒంటరి జంట. అమ్మోనియాలో బంధాల్లోని ఎలక్ట్రాన్లు హైడ్రోజన్ల నుంచి నైట్రోజన్ వైపు, అంటే ఒంటరి జంట ఉన్న వైపే లాగబడతాయి. రెండు ప్రభావాలూ ఒక దిశలో కలిసిపోతాయి. ఫ్లోరైడ్‌లో ఫ్లోరిన్లు ఎలక్ట్రాన్లను కిందికి లాగితే ఒంటరి జంట ప్రభావం పైకి ఉంటుంది, ఒకదాన్ని మరొకటి దాదాపు చెరిపేస్తాయి. బొమ్మ గీసి బాణాలు వేసిన వాళ్లెవరూ ఈ ప్రశ్నలో తప్పిపోరు. గీయనివాళ్లలో చాలామంది తప్పిపోతారు.

బంధాల పాఠం చర్యల పాఠంతో ఎక్కడ కలుస్తుందో చెప్పకుండా చాలా పుస్తకాలు రెండింటినీ విడివిడిగానే వదిలేస్తాయి. అది పెద్ద లోటు. అమ్మోనియా ఏర్పడే చర్యనే తీసుకుంటే, నైట్రోజన్ అణువులోని త్రిబంధాన్ని తెంచడానికి మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి. హైడ్రోజన్ బంధానికి 436. మూడు హైడ్రోజన్ అణువులకు 1,308. అన్నీ తెంచడానికి 2,253. కొత్తగా ఏర్పడే నైట్రోజన్–హైడ్రోజన్ బంధాలు ఆరు, ఒక్కోదానికి 391 చొప్పున 2,346 కిలోజౌళ్లు వెలువడతాయి. తేడా 93 కిలోజౌళ్లు, వెలువడే వైపు. ప్రయోగంలో కొలిచిన విలువ 92. రెండు గుణకారాలు, ఒక కూడిక, ఒక తీసివేతతో విద్యార్థి ఈ చర్య ఉష్ణమోచకమని తనంతట తానే తేల్చుకోగలడు. అంతేకాదు, ఇంత లాభదాయకమైన చర్య మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఎందుకు కదలదో కూడా ఆ 945 చెబుతుంది. ముందు ఆ త్రిబంధం సడలాలి, దానికి ఇనుము ఉత్ప్రేరకం కావాలి.

సమతాస్థితి పాఠంలో ఎక్కువమంది జారిపడేది కూడా ఇదే అమ్మోనియా దగ్గర. ‘ఉత్ప్రేరకం వేస్తే అమ్మోనియా ఎక్కువ వస్తుంది’ అన్న వాక్యం జవాబు పత్రాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఉత్ప్రేరకం ముందుకీ వెనక్కీ జరిగే రెండు చర్యల వేగాన్నీ పెంచుతుంది. సమతాస్థితికి త్వరగా చేరుస్తుంది, కానీ ఆ స్థితిలో ఏది ఎంత ఉంటుందో అది నిర్ణయించదు. దాన్ని నిర్ణయించేవి ఉష్ణోగ్రత, పీడనం, గాఢతలు. చర్య వేడినిస్తుంది కాబట్టి చల్లగా ఉంటే అమ్మోనియా ఎక్కువ, కానీ అప్పుడు చర్య నత్తనడక. వేడి పెంచితే వేగం వస్తుంది, అమ్మోనియా తగ్గుతుంది. ఈ ఇరకాటంలో కర్మాగారాలు ఎంచుకున్న మధ్యేమార్గం సుమారు 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్, వందకు పైగా వాతావరణాల పీడనం. నాలుగు అణువులు రెండవుతాయి కాబట్టి పీడనం అమ్మోనియా వైపే మొగ్గుతుంది. ఒక్క విడతలో వాయువుల్లో కొంత భాగమే మారుతుంది. ఏర్పడ్డ అమ్మోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువుల్ని మళ్లీ తిప్పుతారు.

ఈ కథలో విద్యార్థులు తెలుసుకోదగ్గ వ్యక్తి హెన్రీ లీ షాట్లియర్. 1884లో సమతాస్థితి సూత్రాన్ని ప్రకటించింది ఆయనే. 1901లో ఆయనే అధిక పీడనం మీద అమ్మోనియా తయారీకి పూనుకున్నారు. పరికరంలో గాలి చేరడంతో పేలుడు జరిగి ఆ ప్రయత్నం ఆగిపోయింది. 1909లో ఫ్రిట్జ్ హేబర్, రాబర్ట్ లీ రోసిన్యోల్‌తో కలిసి దాన్ని సాధించాడు. కార్ల్ బాష్ చేతి మీదుగా 1913లో జర్మనీలోని ఒప్పౌలో కర్మాగారం మొదలైంది.

సమతాస్థితి మీద నిజమైన పట్టు రావాలంటే ఒక ప్రయోగాన్ని కళ్లారా, కనీసం వీడియోలో చూడాలి. గాజు సిరంజిలో నైట్రోజన్ డయాక్సైడ్ ఉంటుంది, గోధుమ రంగు వాయువు. దాని అణువులు రెండేసి కలిసి రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ అవుతుంటాయి, మళ్లీ విడిపోతుంటాయి. సిరంజి మూతి మూసి పిస్టన్‌ను గట్టిగా నొక్కితే రంగు ఏమవుతుంది? పీడనం పెరిగింది, తక్కువ అణువుల వైపు జరుగుతుంది, రంగు వెలిసిపోతుంది అని పాఠం చదివినవాళ్లు చెబుతారు. సిరంజిలో మొదట కనిపించేది అందుకు వ్యతిరేకం. నొక్కగానే రంగు చిక్కబడుతుంది, ఎందుకంటే అవే అణువులు తక్కువ చోటులోకి ఇరుక్కున్నాయి. మరుక్షణమే కొంచెం పలచబడుతుంది, అది సమతాస్థితి పక్కకు జరగడం. చివరి రంగు నొక్కిన క్షణంలో ఉన్నంత చిక్కగా ఉండదు, మొదట్లో ఉన్నంత పలచగానూ ఉండదు. మార్పును కొంతవరకే తగ్గించుకుంటుంది, పూర్తిగా చెరిపేయదు అన్న సంగతి ఆ సిరంజిలో చూసినంత స్పష్టంగా ఏ నిర్వచనంలోనూ దొరకదు.

ఇక సమతాస్థితి స్థిరాంకం లెక్కలు. ఒక లీటరు పాత్రలో ఒక మోల్ హైడ్రోజన్, ఒక మోల్ అయోడిన్ ఆవిరి ఉన్నాయి. హైడ్రోజన్ అయోడైడ్ ఏర్పడే చర్యకు స్థిరాంకం 49 అనుకుంటే చివరికి ఏది ఎంత? మొదట, మార్పు, చివర అని మూడు వరుసల పట్టిక వేయాలి. మారిన మొత్తాన్ని ‘మ’ అనుకుంటే హైడ్రోజన్, అయోడిన్ చెరో ‘మ’ తగ్గుతాయి, అయోడైడ్ ‘2మ’ పెరుగుతుంది. 2మ వర్గాన్ని 1–మ వర్గంతో భాగిస్తే 49. రెండువైపులా వర్గమూలం తీస్తే 2మ ÷ (1–మ) = 7. మ విలువ 7/9. అయోడైడ్ 14/9, అంటే 1.56 మోల్‌లు. మిగిలినవి చెరో 0.22.

తొందరలో చాలామంది అయోడైడ్ కింద ‘2మ’ బదులు ‘మ’ అని రాస్తారు. అప్పుడు మ = 7/8 వస్తుంది, అయోడైడ్ 0.875, మిగిలిన అయోడిన్ 0.125. జవాబు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పరమాణువులు లెక్కపెడితేనే దొంగ దొరుకుతాడు. మొదట పాత్రలో అయోడిన్ పరమాణువులు రెండు మోల్‌లు. చివరికి అయోడైడ్‌లో 0.875, అయోడిన్ అణువుల్లో 0.25, మొత్తం 1.125. మూసి ఉన్న పాత్రలోంచి 0.875 మోల్‌ల పరమాణువులు మాయమయ్యాయి! సరైన జవాబులో 1.56కు 0.44 కలిపితే రెండు.

ఘన పదార్థాలు స్థిరాంకంలో ఎందుకు కనిపించవు అన్నది మరో చిక్కుముడి. పల్నాడులో పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపు బట్టీలు చాలా ఉన్నాయి. సున్నపురాయిని కాలిస్తే పొడిసున్నం, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. శుద్ధమైన రాయి 100 కిలోలకు సున్నం 56, వాయువు 44. మూసిన పాత్రలో ఈ చర్య జరిపితే, ఒక ఉష్ణోగ్రత దగ్గర వాయువు పీడనం ఒకే విలువకు చేరి ఆగుతుంది. రాయి కొంత ఉన్నా, గుట్టగా ఉన్నా ఆ విలువ మారదు. అందుకే స్థిరాంకంలో ఉండేది వాయువు పీడనం ఒక్కటే. బట్టీ మూసిన పాత్ర కాదు. వాయువు పైకి పోతూనే ఉంటుంది, కనుక సమతాస్థితి రాదు, రాయి మొత్తం సున్నమవుతుంది. ‘ఈ పాత్ర మూసి ఉందా, తెరిచి ఉందా’ అన్న ప్రశ్న వేసుకోవడం సమతాస్థితి లెక్కల్లో సగం పని.

సాధన ఎలా చేయాలన్నదాని మీద కూడా కొంత ఆధారం ఉంది. 1985లో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ బీజగణితం నేర్చుకుంటున్న విద్యార్థులతో చేసిన ప్రయోగాల్లో, మొదట్లోనే లెక్కల మీద లెక్కలు చేసినవాళ్ల కంటే, సాధించి చూపిన లెక్కలను శ్రద్ధగా చదివినవాళ్లు తర్వాత అలాంటి లెక్కల్ని వేగంగా చేశారు. కెమిస్ట్రీలోనూ కొత్త పాఠానికి ఇదే దారి మేలు. రెండు మూడు సాధించిన లెక్కలు తీసుకుని, ప్రతి పంక్తి దగ్గరా ‘ఇది ఎందుకు’ అని పక్కన రాసుకుంటూ చదవాలి. తర్వాత సాధన మూసేసి అదే లెక్క ఖాళీ కాగితం మీద చేయాలి. చేయి తిరిగాక పాఠాల్ని కలిపేయాలి. ఒకే అధ్యాయం లెక్కలు ఇరవై వరుసగా చేస్తే ఏ పద్ధతి వాడాలో ముందే తెలిసిపోతుంది. పరీక్ష హాల్లో ఆ సౌకర్యం ఉండదు.

తప్పులకు విడిగా ఒక నోటుపుస్తకం పెట్టుకోవడం మంచిది. అందులో సరైన సాధన ఒక్కటే ఎక్కించుకుంటే సరిపోదు, తప్పు ఎక్కడ మొదలైందో ఒక వాక్యంలో రాయాలి: ‘మోల్‌లుగా మార్చలేదు’, ‘ఒంటరి జంట గీయలేదు’, ‘గుణకం వదిలేశాను’. పది పదిహేను తప్పులు పోగయ్యేసరికి అవన్నీ రెండు మూడు రకాలేనని తేలిపోతుంది.

ఆ నోటుపుస్తకంలో దాదాపు ప్రతి విద్యార్థికీ చోటుచేసుకునే లెక్క ఒకటుంది. లీటరులో 10⁻⁸ మోల్‌ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పీహెచ్ ఎంత? సూత్రంలో పెడితే 8 వస్తుంది. ఆమ్లం కలిపిన నీళ్లు క్షారమవడం అసాధ్యం, కాబట్టి జవాబు 7కు కొంచెం తక్కువ ఉండాలని పెన్ను పట్టకముందే చెప్పేయొచ్చు. పాత్రలో ఆమ్లం ఒక్కటే లేదు, నీళ్లు కూడా ఉన్నాయి. ఆ నీళ్లే 10⁻⁷ దరిదాపుల్లో హైడ్రోజన్ అయాన్లనిస్తాయి, ఆమ్లం ఇచ్చే దానికి దాదాపు పది రెట్లు. నీళ్లిచ్చే హైడ్రోజన్ అయాన్లు ‘మ’ అనుకుంటే హైడ్రాక్సైడ్ అయాన్లూ ‘మ’యే. (10⁻⁸ + మ) × మ = 10⁻¹⁴. మ విలువ సుమారు 9.5 × 10⁻⁸. ఆమ్లం వాటా కలిపితే మొత్తం 1.05 × 10⁻⁷. పీహెచ్ 6.98.